పట్టు పోగుల కడ్డీ

1985 జనవరి 7

ఇది 1983 నాటి డైరీ. మందుల షాపు శివప్ప ఆ ఏడు ఇస్తే తెచ్చి బియ్యం డబ్బా మూత మీద బరువుగా పెట్టాను. రెండేళ్లు ఎలుకల నుంచి బియ్యాన్ని కాపాడింది. వారాలు ఈ ఏటికి కలవవు, తేదీలు కలుస్తాయి. నాకు అది చాలు.

రాయడానికి కారణం ఒకటే. మా ఆయన చేసిన ఆఖరి నల్ల పెన్ను నా దగ్గర ఉంది. రిటైరైన హెడ్మాస్టరొకాయన కావాలని చెప్పి చేయించుకున్నాడు, తీసుకోవడానికి మాత్రం రాలేదు. కొడుకు బాల్ పెన్ను కొనిచ్చాడట. సిరా పెన్నును ఊరికే పెడితే లోపల ఎండిపోయి పాడవుతుంది. రోజూ నాలుగు గీతలు గీస్తే చాలు. ఊరికే గీతలు గీస్తే పిచ్చిది అనుకుంటారు కాబట్టి మాటలు రాస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

ఇది నా చేతికి కుదరడం లేదు, గీరుకుంటోంది. ఎందుకు కుదురుతుంది? ఆయన ఎవరికి పెన్ను చేసినా ముందు ఒక కాగితం ఇచ్చి పేరూ ఊరూ రాయిస్తాడు. రాస్తుంటే చెయ్యి ఎటు వంగుతుందో, ఎంత ఒత్తుతుందో చూసి, దానికి తగ్గట్టు నిబ్బు అరగదీస్తాడు. ఇది హెడ్మాస్టరు నిబ్బు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నాకు ఒక్క కాగితమూ ఇవ్వలేదు ఈయన. నేనూ అడగలేదు లెండి. చూడండి, ఎవరికి చెబుతున్నానో ఈ 'లెండి'!

పాతూరులో పెన్నుల గంగాధరప్ప ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఇప్పుడు చూపించి ఏం లాభం. పెన్నులకు వాడే ఎబొనైటు కడ్డీలు, ఆ గట్టి నల్ల రబ్బరువి, తయారుచేయడం మానేశామని నవంబరులో మద్రాసు నుంచి కార్డు వచ్చింది. ఆ రోజే ఆయన నా పాత ఆకుపచ్చ చీర తీసి, పెన్నులు తిప్పే లేత్ మీద కప్పేశాడు. ఎందుకు అంటే దుమ్ము పడుతుంది అన్నాడు. అప్పటి నుంచి అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. రైతులంటే వాన కోసం చూస్తారు. ఈయన దేనికోసమో!

జనవరి 8

రాశాను. నిబ్బు తడిగానే ఉంది.

జనవరి 13

నల్లమాడ నుంచి బాలప్ప వచ్చాడు. మంచం కోళ్లు, ఊయల గుంజలు తిప్పే మనిషి. మాట గట్టి, నవ్వు ఇంకా గట్టి. లేత్ మీది చీర ఎత్తి చూసి, పెడల్ ఒకసారి తొక్కి, "వెన్నపూస మాదిరి తిరుగుతాండాది కదన్నా!" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. మా మరిది మారెప్ప ఈయనకు తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగం మాట్లాడాడట. వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకోవాలి. ఏప్రిల్ ఒకటిన చేరాలి. లేత్ బాలప్ప తీసుకుపోతాడు, మార్చి ముప్పై ఒకటిన. ఇద్దరూ మాటిచ్చేసుకున్నారు. నాతో ఒక్క మాట అనలేదు.

లారీ నంబర్లు దేంతో రాస్తారు? బాల్ పెన్నుతోనే కదా.

బాలప్ప కాఫీ తాగుతూ తన గొప్ప చెప్పుకున్నాడు. "మా నాయన పోయినాడని కబురొచ్చినప్పుడు లేత్ మీద కోడు ఉన్నిందమ్మా. ఒకసారి బిగించి ఉలి పెట్టినాక దించితే, మళ్లా బిగించినప్పుడు సరిగ్గా నడుమకు కుదురుతాదా? కుదరదు. ఏడ్చుకుంటానే దాన్ని పూర్తి చేసి, అప్పుడు పోయినా." ఆయన తలూపాడు. ఇద్దరిదీ ఒకే పిచ్చి.

పోతే పోనీ. ఆ లేత్ వల్ల నాకేం సుఖం? పద్దెనిమిదేళ్లుగా ఇల్లంతా నల్లపొట్టు ఊడ్చీ ఊడ్చీ నడుం విరిగింది.

జనవరి 14

నాకు దిగులేం లేదు.

జనవరి 21

మారెప్ప బిడ్డకు చెవులు కుట్టిస్తుంటే తాడిపత్రి పోయి వచ్చాం. మధ్యాహ్నం మారెప్ప పనిచేసే బండల పాలిష్ దగ్గరకు పోయాను, నీళ్ల క్యాను ఇవ్వడానికి. ఒక పెద్ద బండకు నిలువునా పగులు ఉంది. మారెప్ప డబ్బాలోంచి తేనెలాంటి బంక కొంచెం తీసి, చిన్న సీసాలోంచి మందు చుక్కలు వేసి కలిపి, ఆ పగులులో పోశాడు. డబ్బా మూతలో కాస్త మిగిలింది. అరగంటకు చూస్తే మూతలోది రాయి అయి కూర్చుంది. బోర్లిస్తే బిళ్లలా ఊడి పడింది. గోరుతో గీకితే గీత పడలేదు.

"మారెప్పా, దీన్ని ఏ ఆకారంలో పోస్తే ఆ ఆకారం వస్తాదా?"

"వస్తాది వదినా. ఏంటికి?"

"ఊరికే."

"ఊరికే అని నువ్వు ఏదీ అడగవు" అని నవ్వి, ఒక డబ్బా బంక, ఒక సీసా మందు మూటగట్టి ఇచ్చాడు. "పావు గ్లాసుకి పది చుక్కలు. ఎండ ఎక్కువుంటే ఇంగా తగ్గించు. ఇది కూరలో ఉప్పు కాదు, చేతికొచ్చినట్ల ఏసేవు" అన్నాడు.

బస్సులో ఆయన పక్కన కూర్చుని ఆ బిళ్లను కొంగులో పట్టుకునే ఉన్నాను. చూపించలేదు. దారి పొడుగునా ఆయన కిటికీ లోంచి ఎండిన చెరువులు చూస్తూనే ఉన్నాడు. ఇది నా కాలక్షేపం కోసం. ఆయన కోసం అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

జనవరి 29

కరెంటు వైర్లు పోనిచ్చే తెల్ల గొట్టం ముక్కలు తెచ్చాను. నిలువునా చీల్చి, లోపల ఆముదం రాసి, మళ్లీ కలిపి సైకిలు ట్యూబు ముక్కలతో కట్టాను. అడుగున కొవ్వొత్తి మైనం కరిగించి మూశాను. ఇదంతా మిద్దె మీద. ఆయన మిద్దె ఎక్కడు, మోకాళ్ల నొప్పి.

బంక కలిపాను. పది చుక్కలు వేశాను, ఏమీ కాలేదు. ఇంకో పది. అప్పటికీ నీళ్లలాగే ఉంది. ఇంకో ఇరవై వేశాను.

గ్లాసు చేతిలో కాలింది. పొగ వచ్చింది. చిటపట పగిలింది. మా అమ్మ పెట్టిన స్టీలు గ్లాసు, దాంట్లో ఇప్పుడు పగిలిన పసుపు రాయి. గ్లాసు పారేశాను. ఎడమ బొటనవేలు బొబ్బెక్కింది. ఆయన చూసి ఏమైంది అని అడిగితే నూనె చింది అన్నాను. 'ఊఁ' అన్నాడు. ఇంట్లో మనిషి వేలు కాలితే 'ఊఁ' అనే మొగుడు ఈ ఊళ్లో ఇంకొకడు ఉన్నాడా? మొద్దు మనిషి. బండరాయి.

ఫిబ్రవరి 3

ఈసారి భయపడి నాలుగే చుక్కలు వేశాను. మూడు రోజులైనా జిగురు జిగురుగానే ఉంది. పక్కింటి బయమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మా తిరుపాలమ్మా, మీ మిద్దె మీద ఏమన్నా చచ్చినాదా? ముక్కులు పగిలిపోతాండాయి" అంది. ఎలుక మందు పెట్టానని చెప్పాను. ఆయన వినే ఉంటాడు. ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 10

వచ్చింది! తొమ్మిది చుక్కలు. మజ్జిగ చిలికినట్టు గిలక్కొట్టడం తప్పని తెలిసింది, అందుకే మొన్నటి దాంట్లో అన్ని బుడగలు. డబ్బాను ముందు ఎండలో పెట్టి పలచబరిచి, పుల్లతో మెల్లగా తిప్పి, గొట్టం వాలుగా పట్టుకుని సన్నని ధారగా పోశాను. ఈ ఊరి గాలిలో తేమ అనేదే లేదు, అది ఇన్నాళ్లకు నా ఒక్కదానికి పనికొచ్చింది. సాయంత్రం గొట్టం విప్పితే జానెడు కడ్డీ, పలచటి తేనె రంగు. పట్టుకుని మిద్దె మీద గంతులేశాను. నలభై ఏళ్లకు దగ్గర పడుతున్న ఆడది, సిగ్గు లేదు.

కిందికి దిగి, ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. ఏదో మరిచిపోయి పెట్టినట్టు.

తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. పంటితో కొరికి చూశాడు. "గాజు మాదిరి ఉండాది. లోపలి సిరా, చెమట, అంతా బయటికి కనపడతాది. దీనికి ఒళ్లు లేదు" అని మళ్లీ గ్లాసు పక్కనే పెట్టేశాడు.

ఎక్కడిదని అడగలేదు. ఎవరు చేశారని అడగలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే రాత్రికి ఉప్పు లేని పప్పు వండి పెట్టాను. అదీ తినేశాడు.

ఫిబ్రవరి 11

ఒళ్లు లేదట. ఒళ్లు ఎట్లా వస్తుంది?

ఫిబ్రవరి 17

ధర్మవరం, పుట్టింటికి పోయాను. మా అన్న మగ్గం దగ్గర కూర్చుంటే ఒక్కసారిగా తట్టింది. మగ్గం కింద తెగిన పోగులు, ఎరుపు, నెమలికంఠం, మామిడిపండు రంగు, కుప్పగా ఉన్నాయి. భద్రమ్మ వదిన వాటిని గోనెసంచిలో దాస్తుంది, పరుపులోకి పనికొస్తాయని.

"వదినా, ఈ పోగులు నాకియ్యి."

"నీకేంటికే? మగ్గం పెడతావా ఈ వయసులో?"

"పెన్ను లోపల పెడతా."

వదిన నన్ను కాసేపు చూసింది. తర్వాత మా అన్నను చూసింది. "మీ చెల్లెలికి ఎండ దెబ్బ తగిలినట్ల ఉండాది" అని సంచి మొత్తం ఇచ్చేసింది.

ఫిబ్రవరి 20

పోగులు గొట్టంలో నిలువునా, మగ్గానికి పడుగు లాగినట్టు లాగాను. అడుగున మైనంలో బిగించి, పైన చీపురుపుల్లకు కట్టాను. మిద్దె మీద చాప వేసుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని పోగులు దువ్వుతూ కూర్చుంటే మా అమ్మ పక్కన ఉన్నట్టే ఉంది. ఎన్నేళ్లయింది పట్టు పట్టుకుని! వేళ్లు ఏమీ మరిచిపోలేదు.

బంక పోశాను. రేపు విప్పుతాను.

ఫిబ్రవరి 21

పాలు. పోగు చుట్టూ తెల్లగా పాలు పోసినట్టు మబ్బు. రంగు ఒక్కటీ కనపడలేదు. చేత్తో పట్టుకుంటే జిగురు.

ఫిబ్రవరి 24

చుక్కలు పెంచాను. మళ్లీ పాలు.

ఫిబ్రవరి 28

చుక్కలు తగ్గించాను. పాలే.

మార్చి 3

రంగు పోగు చెడ్డదేమోనని తెల్ల పట్టు పెట్టి చూశాను. తెల్లదానిలో తెల్ల మబ్బు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మార్చి 5

మారెప్ప ఉత్తరం రాశాడు. రెండు గదుల ఇల్లు చూశాడట, నీళ్లు దగ్గరే అట. ఇక్కడ కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తోంది, అక్కడైతే రోజూ అట. ఆయన ఉత్తరం చదివి నాకిచ్చి, "నీకు బాగుంటాది" అన్నాడు. నాకు బాగుంటుందట! తనకు?

చెడిపోయిన కడ్డీలన్నీ కిరసనాయిలు డబ్బాలో పడేసి మిద్దె మెట్ల కింద పెట్టాను. ఆ తేనె రంగుదీ కలిపి మొత్తం ఆరు. అయిపోయింది. ఇక లేదు. ఇరవై ఆరు రోజుల్లో లేత్ పోతుంది, మనిషి పోయి గేటు దగ్గర కూర్చుంటాడు. ఆయన చేతివేళ్లు చూశాను ఇవాళ అన్నం తింటుంటే. నల్లపొట్టు పోయి గోళ్లు తెల్లగా అయ్యాయి. నాకు ఆ తెల్లగోళ్లు చూస్తే భయమేస్తోంది. రాసేశాను, ఇక కొట్టెయ్యను.

మార్చి 9

లేత్ కింద ఊడుస్తుంటే ఒక పెచ్చు దొరికింది. గోరంత. తేనె రంగు.

ఎలుక లాక్కొచ్చి ఉంటుంది.

మార్చి 10

కిరసనాయిలు డబ్బాలో ఐదే ఉన్నాయి. ఈ ఎలుక ఏదో పెద్ద ఎలుకే.

మార్చి 14

వదిలేశానన్నాను కదా. ఇవాళ మళ్లీ చాప వేసుకుని కూర్చున్నాను. బంక కాస్తే మిగిలింది, పారేయడమెందుకని. అంతే.

నెమలికంఠం పోగులు దువ్వుతున్నాను. వెనక మెట్ల మీంచి గొంతు వినిపించింది. "ఆ గిన్నె తీసెయ్."

తిరిగి చూస్తే ఆయన. ఆఖరి మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఏ గిన్నె?"

"నీళ్ల గిన్నె. వేళ్లు ముంచుతాండావు, పోగు దువ్వుతాండావు. మళ్లా ముంచుతాండావు. ఆ తడి యాడికి పోతాది? లోపలే ఉండాది. బంకకు నీళ్లు పడవు."

"నేను ముంచలేదు."

"నీ చెయ్యి చూసుకో."

చూసుకున్నాను. వేళ్ల చివర్లు తడిగా ఉన్నాయి. గిన్నె సగమైంది. నేను ముంచినట్టు నాకు తెలియదు, ఒట్టు. నాకు మూడేళ్లప్పుడు మా అమ్మ నేర్పింది, ఈ ఎండ గాలికి పట్టు పోగు ఎగిరి ముఖానికి అంటుకుంటుంది, తడి వేలితో దువ్వితే కుదురుతుందని. మా ఇంట్లో పొడి చేత్తో పట్టు ముట్టుకున్న ఆడది లేదు. ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు, నేను గిన్నెలు గిన్నెలు కడ్డీల్లోకి పోశాను!

"ఎప్పుడు చూసినావు?" అన్నాను.

"ఐదు దఫాలు చూసినా. ఇదే గిన్నె."

పట్టుతో నాలుగుసార్లు పోశాను. ఇవాళ్టితో ఐదు. ఒక్కటీ తప్పలేదు ఈయనకు. మోకాళ్ల నొప్పితో, చప్పుడు కాకుండా, ఐదుసార్లు ఎక్కి దిగాడు.

"మరి మొదటి రోజే చెప్పొచ్చు గదా!" అని అరిచాను. బయమ్మ గోడ మీంచి తల పెట్టింది.

"నీ పని. నువ్వు అడగలేదు" అన్నాడు. అని లేచి కిందికి పోలేదు. అక్కడే కూర్చున్నాడు. నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను, గిన్నెలో నీళ్లు తులసి మొక్కకు పోశాను, పోగులన్నీ ఎండలో పరిచాను.

మార్చి 17

మూడు రోజులు ఎండబెట్టిన పోగులు. పొడి చేతులు. పోగులు ఎగిరి ఎగిరి ఏడిపించాయి. ఆయన వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు. నేను ఇటు లాగాను, ఆయన అటు. మా అమ్మా నాయనా పడుగు లాగేటప్పుడు ఇట్లాగే ఎదురెదురుగా నిలబడేవారు. ఆ మాట పైకి అనలేదు.

మార్చి 18

మబ్బు లేదు. మబ్బు లేదు!

కడ్డీ లోపల నెమలికంఠం పోగులు నిలువునా ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఒక్క జరీ పోగు. తిప్పితే ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ. ఆయన చేతిలో పెట్టాను. వెలుతురుకు పట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఒళ్లు వచ్చినాది" అన్నాడు.

మార్చి 22

ఉగాది. పచ్చడి ఇచ్చి, పక్కన కడ్డీ కూడా పెట్టి, "బిగించి చూడు" అన్నాను. ఈ మూడు నెలల్లో నోరు విప్పి అడగడం ఇదే.

కడ్డీని తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. తాడిపత్రికి తీసుకుపోవడానికి కుట్టించుకున్న ఖాకీ చొక్కాల కింద.

"బాలప్పకు మాటిచ్చినా గదా" అన్నాడు.

"మాట మార్చుకోరాదా?"

"మార్చుకోరాదు."

అంతే. ఇంత గట్టి మనిషిని చేసుకున్నందుకు ఒకప్పుడు గర్వపడ్డాను. ఇవాళ తలుపు గడియ వేసుకుని ఏడ్చాను.

మార్చి 23

నిబ్బు తడి కోసం.

మార్చి 27

పొద్దున కొళాయి దగ్గర్నుంచి బిందెతో వస్తుంటే మా ఇంట్లోంచి చప్పుడు. సాన రాయి మీద ఉలి. ఆ చప్పుడు విని నాలుగు నెలలైంది. వీధిలోనే నిలబడిపోయాను. నేను గడప ఎక్కేసరికి చప్పుడు ఆగింది. ఆయన అరుగు మీద ఉన్నాడు.

"ఏం చేస్తాండావు?"

"బాలప్పకు మొద్దు ఉలి ఇస్తే బాగుండదు" అన్నాడు.

నిజమే. ఆయన అట్లాంటి మనిషే. నేను ఏమీ ఆశ పెట్టుకోలేదు.

మార్చి 30

రేపు.

మార్చి 31

అంతా వరసగా రాయాలి, తొందరపడకూడదు.

పది గంటలకు బాలప్ప టెంపో వేసుకుని వచ్చాడు. ఇద్దరు కూలీలు, తాళ్లు, కింద వేయడానికి గడ్డి. నేను కాఫీకి పాలు పెట్టాను. ఈ రోజంతా వంటింట్లోంచి బయటికి రాకూడదని అనుకున్నాను. ఆయన అరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

బాలప్ప "లేపండప్పా జాగ్రత్తగా" అంటూ చీర తీశాడు. తర్వాత చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు. ఆగలేక తొంగి చూశాను.

లేత్ మీద కడ్డీ బిగించి ఉంది. నా కడ్డీ. పెట్టెలో చొక్కాల కింద ఉండాల్సింది. సగం దాకా ఉలి పడి గుండ్రంగా సన్నబడింది, మిగతా సగం ముతకగా ఉంది. కింద నేలంతా తేనె రంగు పెచ్చులు, వాటిలో నీలం తునకలు. నేను నిన్న సాయంత్రం బయమ్మ వాళ్లింటికి అప్పడాలు ఒత్తడానికి పోయినప్పుడు చేసి ఉంటాడు. వచ్చాక చీర కింద చూడాలని నాకు తోచలేదు.

బాలప్ప నెమ్మదిగా అరుగు వైపు తిరిగాడు. "అన్నా, పని మీద ఉండాదే!"

"ఉండాది" అన్నాడు ఆయన, వీధి వైపే చూస్తూ.

"ఎప్పటికైతాది?"

"చెప్పలేనప్పా. కొత్త సరుకు. రబ్బరు మాదిరి కాదు, కొంచెం ఒత్తితే పెచ్చు లేస్తాండాది. ఉలికి ఇంగా అలవాటు పడల్ల."

కూలీల్లో ఒకడు, "విప్పేస్తే పోలేదా?" అన్నాడు.

బాలప్ప వాడి వైపు చూసిన చూపుకి వాడు రెండడుగులు వెనక్కి పోయాడు. "నడుమ పోతాది రా! దించితే ఇంగ ఈ జన్మకు కుదరదు. తెలీనప్పుడు నోరు మూసుకోవల్ల."

తర్వాత బాలప్ప ఒంగి, కడ్డీని వేలితో తిప్పాడు. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. మళ్లీ తిప్పాడు. "ఇదేం సరుకన్నా? యాడిది?"

అప్పుడు మా ఆయన మొదటిసారి ఇటు తిరిగాడు. బాలప్పను చూడలేదు, తలుపు సందులో ఉన్న నన్ను చూశాడు. "యాడిదీ కాదు. మా ఇంటిదే. ఆమె పోసినాది."

వెనక పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆరిపోనీ.

బాలప్ప మిగిలిన పాలతో కాఫీ తాగాడు. ఖాళీ టెంపో వైపు, లేత్ వైపు, మా ఆయన వైపు ఒక్కొక్కసారి చూశాడు. బాలప్ప తెలివితక్కువవాడు కాదు. ముఖం మీద కోపం వచ్చింది, కాసేపు ఉంది, పోయింది. చివరికి ఆ గట్టి నవ్వు నవ్వి, "సరేన్నా. దించు అని నా నోటితో నేను అనలేను గదా. అయినాక కబురు చెయ్యి" అన్నాడు.

"చేస్తా."

టెంపో సందు తిరిగిందాకా చూసి, "కావాలనే బిగించినావా?" అని అడిగాను.

"ఊరికే ఉంటే తుప్పు పడతాదని" అన్నాడు.

మారెప్పకు కార్డు ఆయనే రాశాడు. రెండే వాక్యాలు. రావడం లేదు. ఇంకో రెండు డబ్బాల బంక పంపు.

ఏప్రిల్ 2

నేలంతా నీలంపొట్టు. నడుం విరుగుతోంది. ఊడుస్తున్నాను.

ఏప్రిల్ 6

నిన్న పెన్ను లేత్ మీంచి దిగింది. దిగిన గంటలోపే ఇంకో కడ్డీ, అడుగున మిగిలిన బంకతో మొన్న నేను పోసిన ఎర్ర పోగులది, బిగించేశాడు. బాలప్పకు కబురు చేయడానికి మధ్యలో సందు దొరకలేదట. పెద్ద నిజాయితీపరుడు! బాలప్ప కూడా కబురు కోసం కాచుకుని ఏమీ లేడు. బళ్లారిలో వేరే లేత్ చూసుకుంటున్నానని నిన్న బస్సు కండక్టరుతో చెప్పి పంపాడు. తన కూతురు పదో తరగతి రాస్తోందట, అట్లాంటి నీలం పెన్ను ఒకటి ఆ బిడ్డకు కావాలట.

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెన్ను ఉంది. ఎవరో మరిచిపోయి పెట్టినట్టు.

ఇప్పుడు దాంతోనే రాస్తున్నాను. గీరుకోవడం లేదు. నేను అక్షరం కింది భాగం ఒత్తి రాస్తాను, కుడి వైపు వాలుస్తాను. అక్కడికి వచ్చేసరికి ఇది నాతో పాటే వాలుతోంది. నాలుగు వాక్యాలు రాశాక చెయ్యి ఆగిపోయింది. నాకు కాగితం ఇవ్వలేదు. పేరూ ఊరూ రాయించలేదు. మరి ఈ నిబ్బు నా చేతికి ఎట్లా కుదిరింది?

లేత్ దగ్గరకు పోయి నిలబడ్డాను. "నా రాత యాడ చూసినావు?"

పెడల్ ఆగింది. "బియ్యం డబ్బా మూత మీద బరువు లేదు. ఎలుకలు వస్తాయని వెతికినా" అన్నాడు.

జనవరి నుంచి ఈ డైరీ పరుపుల అడుగున ఉంది. మొద్దు మనిషి అని రాసిన పేజీ, బండరాయి అని రాసిన పేజీ, తెల్లగోళ్ల పేజీ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ముఖం మండిపోయింది.

"చదివినావా?"

"చదవలేదు. అక్షరాల వంకే చూసినా" అని పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

చదవలేదంటే నమ్ముతున్నాను. నల్ల పెన్ను కడిగి తుడిచి హెడ్మాస్టరుగారికి పంపించాలి. నిబ్బు ఆరిపోతుందన్న వంక ఇక నాకు లేదు. అది మొదటి నుంచీ వంకేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇది ముగించి డైరీని బియ్యం డబ్బా మూత మీద, పాత చోటే పెడుతున్నాను. రేపు కూడా రాస్తాను. నిబ్బు ఇంకా ఎక్కడైనా సరిచేయాలేమో, ఆయన అప్పుడప్పుడూ చూసుకోవాలి కదా.